మూడో ప్రాణం

ఉస్త్కాలో వేసవి అయిపోయి
ఐస్‌క్రీం బండ్లకు టార్పాలిన్లు కట్టేశాక
వాలెంటీ మా షెడ్డుకి ఒక అట్టపెట్టె తెచ్చాడు.
పైన చేపల కంపెనీ ముద్ర. లోపల
పాత పేపర్లో చుట్టిన సర్క్యూట్ బోర్డు.
"సెవెరిన్, ఇది బతుకుతుందా?"

పగలు నేను పడవ ఇంజన్లు విప్పుతాను.
రాత్రిళ్లు నా పిచ్చి ఇది.

బోర్డు బతకలేదు. ఉప్పుగాలి దాని రాగిదారులన్నీ కొరికేసింది.
చిప్పుల్ని మాత్రం కాళ్లు వంగకుండా పీకి
ఒక్కోదాన్నీ రీడర్లో కూర్చోబెట్టి
లోపలున్నదంతా ఫైళ్లుగా దించుకున్నాను.
ఎనిమిది. ఎమ్యులేటర్ చేతికిచ్చాను.

మొదటి రాత్రి నల్ల తెర. ఫైలు కనబడలేదంది.
ఎదురుగానే ఉంది! కానీ నేను పెట్టిన పేరు దానికి పట్టదు,
అది పిలిచే పేరుకే పలకాలి.
రెండో రాత్రి, ఇది పిల్ల సెట్టు, తల్లి సెట్టు ఏదీ అంది.
బ్రనోలో ఒకతను పంపాడు,
జిప్పులో ఫోల్డరు, ఫోల్డర్లో మళ్లీ జిప్పు,
అక్కడే గంటన్నర తగలబడింది.
ఎమ్యులేటర్ కొత్తదైతే సెట్టు పాతది,
సెట్టు కొత్తదైతే నా కంప్యూటరు పాతది.
నాలుగో రాత్రి బొమ్మ వచ్చింది,
పక్కకి తిరిగి పడుకుని.
లేపి నిలబెట్టాను. జలాంతర్గామి పేలింది
మూగగా.

శబ్దం వచ్చేసరికి తెల్లారగట్ల మూడు.
పక్కగదిలో బోగ్నా నిద్రలోనే అంది:
"ఆ ట్రైలరు."

అవును. బీచి రోడ్డు చివర, చక్రాలు ఊడిన ట్రైలరు.
ఆరు మెషిన్లు, కాళ్లకింద తడి ఇసుక,
వేయించిన చేపల జిడ్డంటిన మీటలు,
వాలెంటీ నడుముకి చిల్లర సంచి.
నాకు పదకొండేళ్లు.
ఖాళీ సీసాలు ఏరి అమ్మిన ప్రతి జ్లోటీ
ఆ సంచిలోకే.

ఇంకో హెచ్చరిక మిగిలింది:
మూడో ఫైలు లెక్క కలవడం లేదు,
ఆడుకో, నా పూచీ లేదు.
బ్రనో ప్రతినీ నా ప్రతినీ పక్కపక్కన పరిచాను.
ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఎనిమిది బైట్లలో
ఒకే ఒక్క పాఠభేదం.
అక్కడ మూడు. ఇక్కడ రెండు.

చిప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.
వెలుతురు తగిలితే చెరిగిపోతుందని
దాని కిటికీకి అంటించిన వెండి స్టిక్కరు.
దానిమీద బాల్‌పెన్నుతో, చిన్నగా, 2.
కొంగమెడ రెండు. నా అప్పుచీటీల మీద చూసిన రెండు.

వాలెంటీ టీ గ్లాసులో నిమ్మచెక్క తిప్పుతూ
చాలాసేపు తెరకేసి చూశాడు.
"స్విచ్చుల్లో మూడూ ఐదూ ఉండేవి. రెండు లేదు.
స్లుప్స్క్‌లో ఒక రేడియో మెకానిక్కు చేసిపెట్టాడు,
ఒక సాసేజి చుట్టకి.
ఆ ఏడు జనరేటరు కాలిపోయిందిరా."
కాసేపాగి,
"ఆ ఒక్క ఏడే కాదులే."

అలాంటి చిప్పులో ఒకటిని సున్నా చేయడానికి
ఏమీ చెరపక్కర్లేదు, నిమిషం పని.
సున్నాని మళ్లీ ఒకటి చేయాలంటే
మొత్తం చెరిపి మొదట్నించీ రాయాలి.
ఈ మాట అతనికి చెప్పలేదు.
మా అన్న మాత్రం గుర్తొచ్చాడు, నా వెనకాల నిలబడి
"నీకు చేతకాదు, లే" అంటూ.

బ్రనో ఫైలు పెట్టాను.
పైమూలన మూడు చిన్న జలాంతర్గాములు.
మొదటిది పోయింది.
రెండోది ఎప్పటిలాగే ఆ సన్నటి సందులో,
ఆ మందుపాతర దగ్గరే.
అలవాటుగా చెయ్యి మీట వదిలేసి
జేబులో నాణెం వెతుక్కుంది.

తెరమీద మూడోది వచ్చి ఆగింది,
నడిపేవాడు లేక
బుడగలు వదులుతూ.

"నొక్కరా," అన్నాడు వాలెంటీ,
"నీ డబ్బే."